చేతులు కదలకపోయినా కంప్యూటర్ మొత్తం సొంతంగా నడిపేలా ఇంట్లో సెట్ చేసుకోవడం ఎలా

మా తమ్ముడు 2021లో బైక్ మీంచి పడితే మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. సీ4 లెవల్ అన్నారు డాక్టర్లు. అంటే తల తిప్పగలడు, భుజాలు కాస్త ఎగరెయ్యగలడు, మాట బాగానే ఉంది, చేతులు మాత్రం లేవవు. హాస్పిటల్ వార్డులో ఉన్నప్పుడే చూశాను మన చుట్టుపక్కల ఇలాంటి వాళ్లు ఎంతమందో, తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, స్లాబ్ మీంచి పడ్డ మేస్త్రీలు, బైక్ యాక్సిడెంట్ కుర్రాళ్లు. ఇంటికొచ్చాక మొదటి ఏడాది మేం చేసిందేంటంటే పక్కన కూర్చుని వాడు చెప్పింది మేం క్లిక్ చెయ్యడం. వీడియో మార్చాలన్నా పిలవాలి, సౌండ్ తగ్గించాలన్నా పిలవాలి, ఫ్రెండ్‌కి ఒక మెసేజ్ పెట్టాలంటే ఆ మెసేజ్ ఏంటో అమ్మకో నాకో చెప్పాలి. 26 ఏళ్ల కుర్రాడు వాడి ఫ్రెండ్‌తో ఏం మాట్లాడుకుంటున్నాడో ఇంట్లో అందరికీ తెలియాల్సిన పనేంటి చెప్పండి.

అందుకే ఈ సెటప్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. కంప్యూటర్ దగ్గర ఉన్నప్పుడు పూటకి ఎన్నిసార్లు మిమ్మల్ని పిలవాల్సి వచ్చింది, దేనికి పిలిచారు, అది రాయండి. మాకు మొదట్లో పూటకి 30 దాటేది. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పది, ఏ కెమెరా కొనాలి అనే గొడవ కన్నా ఈ లెక్కే మీకు దారి చూపిస్తుంది, ఎందుకంటే పిలుపు ఎక్కడ వస్తోందో అక్కడే సెటప్‌లో లోపం ఉంది.

ముందు శరీరంలో ఏది నమ్మకంగా కదులుతోందో చూడండి

కంప్యూటర్ ఆన్ చెయ్యకండి ఇంకా. మాట స్పష్టంగా ఉందా, తల అటూ ఇటూ నొప్పి లేకుండా తిరుగుతోందా, కళ్లు, కనుబొమ్మలు, దవడ, ఒక వేలు, కాలి బొటనవేలు, ఏదైనా సరే. ఇక్కడ "ఒక్కసారి కదిలింది" అనేది లెక్కలోకి రాదు, అరగంట సేపు కదిలిస్తే అలసట రాకుండా ఉందా అనేది చూడాలి. పొద్దున, మధ్యాహ్నం అన్నం తిన్నాక, సాయంత్రం, మూడు సార్లు చూడండి. మా వాడికి అన్నం తిన్నాక గొంతు తగ్గిపోతుంది, మెడ దెబ్బ తగిలిన వాళ్లకి ఊపిరి కండరాలు వీక్‌గా ఉంటాయి కాబట్టి పొట్ట నిండితే మాట చిన్నగా వస్తుంది, అందుకని మధ్యాహ్నం తలతో, మిగతా టైంలో మాటతో అని అప్పుడే అనుకున్నాం.

మాట, తల రెండూ బాగుంటే రెండూ పెట్టండి, ఒకటే చాలులే అనుకోవద్దు. జలుబు చేసి గొంతు పోయిన రోజు తల కావాలి, మెడ పట్టేసిన రోజు మాట కావాలి.

కూర్చోబెట్టడం

ఇది బోర్ అనిపించినా సగం పని ఇక్కడే ఉంది. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తులో ఉండాలి, మొహానికి చెయ్యి చాపినంత దూరంలో. లాప్‌టాప్‌ని ఒళ్లో పలక మీద పెడితే తల కిందికి వంగిపోయి కెమెరాకి మొహం సరిగ్గా కనిపించదు, మెడ కూడా పోతుంది. మంచం మీదే ఉండేవాళ్లకి హాస్పిటల్‌లో అన్నం పెట్టే చక్రాల టేబుల్ ఉంటుంది కదా, అదొకటి తెచ్చి దానిమీద అట్టపెట్టె ఎత్తు పెట్టినా సరిపోతుంది. తల వెనక గట్టి దిండు కాకుండా మెత్తగా, తల తిరగడానికి అడ్డం రాకుండా ఉండాలి.

లైట్ మొహం మీద పడాలి. కిటికీ వెనక ఉంటే మొహం నల్లగా అయిపోయి కెమెరా పట్టుకోలేదు, మంచం తిప్పండి లేదా కర్టెన్ వెయ్యండి.

ఇంకొకటి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. కంప్యూటర్ చేతికొచ్చాక గంటలు గంటలు కదలకుండా కూర్చుంటారు, అప్పుడే పుండ్లు పడతాయి. వీల్‌చైర్‌లో ఉంటే ప్రతి 15 నుంచి 30 నిమిషాలకి ఒకసారి బరువు మార్చాలి, మంచంలో అయితే రెండు గంటలకోసారి తిప్పాలి, కంప్యూటర్‌లోనే అలారం పెట్టెయ్యండి. వెన్ను దెబ్బ టీ6 (ఛాతీ మధ్య దగ్గర వెన్నుపాము లెవల్) గానీ అంతకన్నా పైన గానీ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు పడితే అది స్క్రీన్ చూసి వచ్చిన తలనొప్పి అనుకోకండి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేసి, యూరిన్ పైపు మడత పడిందేమో, బ్యాగ్ నిండిందేమో చూడండి, తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్‌కి. బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది ఆ టైంలో.

ఏం కొనాలి, ఏం అక్కర్లేదు

విండోస్ 11 నడిచే కంప్యూటర్ ఉంటే చాలు, 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా ఉంటుంది. ఇంట్లో విండోస్ 10 ది ఉంటే అప్‌గ్రేడ్ అవుతుందేమో చూసుకోండి, 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, పైగా నేను కింద చెప్పే వాయిస్ యాక్సెస్ అందులో లేదు. దాని తర్వాత డబ్బు పెట్టాల్సింది మైక్ మీద. లాప్‌టాప్‌లో ఉండే మైక్ ఫ్యాన్ గాలి, పక్కగదిలో సీరియల్, కుక్కర్ విజిల్ అన్నీ వినేస్తుంది. నోటికి దగ్గరగా ఉండే యూఎస్‌బీ హెడ్‌సెట్ మామూలుది కొన్నా తేడా వెంటనే తెలుస్తుంది. చెవుల మీద రోజంతా పెట్టుకోలేకపోతే కాలర్ మైక్ చొక్కాకి తగిలించండి. బ్లూటూత్‌వి వద్దనే అంటాను, ఛార్జింగ్ అయిపోతే మళ్లీ ఎవరినో పిలవాలి కదా.

వెబ్‌క్యామ్ లాప్‌టాప్‌లోది సరిపోతుంది. కళ్ల చూపుతో మౌస్ కదిపే ఐ ట్రాకర్‌కి మొదట్లోనే డబ్బు పెట్టొద్దు, దాని గురించి తర్వాత చెప్తాను.

కరెంటు సంగతి మర్చిపోకండి. కంప్యూటర్, వైఫై రౌటర్ రెండూ ఇన్వర్టర్ మీద ఉండాలి. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ అయితే బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది గానీ నెట్ పోతే ఫోన్ కూడా అందుకోలేని మనిషికి అది మామూలు విషయం కాదు.

మాటతో నడిపించడం

విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ అని ఉంటుంది, 2022లో వచ్చిన 22హెచ్2 వెర్షన్ నుంచి. ఫ్రీ, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ, అందులో స్పీచ్, అక్కడ వాయిస్ యాక్సెస్ ఆన్ చెయ్యండి. మొదటిసారి మాత్రం నెట్ కావాలి, ఒక స్పీచ్ ఫైల్ దించుకుంటుంది, ఆ తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. స్క్రీన్ పైన ఒక పట్టీ వస్తుంది, అందులో సెట్టింగ్స్ గుర్తు నొక్కి భాషలో ఇంగ్లిష్ ఇండియా పెట్టండి, ఇంగ్లిష్ యూఎస్‌తో మన యాస చాలాసార్లు తప్పు వింటుంది.

కమాండ్లు తెలుగులో లేవు. ఇదే మన వాళ్లకి మొదటి అడ్డంకి, కానీ రోజూ కావాల్సినవి పట్టుమని 15 మాటలే, ఇంగ్లిష్ చదవడం రాకపోయినా పలకడం నేర్చుకోవచ్చు. మేం తెలుగులో పెద్ద అక్షరాలతో చార్ట్ రాసి స్క్రీన్ పక్కన గోడకి అంటించాం. ఇవి:

"వాయిస్ యాక్సెస్ వేకప్" అంటే వినడం మొదలుపెడుతుంది, "వాయిస్ యాక్సెస్ స్లీప్" అంటే ఆగుతుంది. "ఓపెన్ ఎడ్జ్" అంటే ఎడ్జ్ బ్రౌజర్ తెరుచుకుంటుంది, "స్విచ్ టు క్రోమ్" అంటే తెరిచి ఉన్న క్రోమ్‌కి మారుతుంది. "స్క్రోల్ డౌన్", "స్క్రోల్ అప్". పొడుగ్గా చదువుకోవాలంటే "స్టార్ట్ స్క్రోలింగ్ డౌన్" అని, చాలనుకున్నప్పుడు "స్టాప్ స్క్రోలింగ్". "ప్రెస్ ఎంటర్", "ప్రెస్ బ్యాక్‌స్పేస్". "డిలీట్ దట్" అంటే ఇప్పుడు పడిన ముక్క పోతుంది. "మినిమైజ్ విండో", "క్లోజ్ విండో". ఏదీ గుర్తురాకపోతే "వాట్ కెన్ ఐ సే" అంటే లిస్ట్ మొత్తం చూపిస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది "షో నంబర్స్". ఇది అన్నారంటే స్క్రీన్ మీద నొక్కగలిగే ప్రతి దానికీ ఒక నంబర్ వస్తుంది, "క్లిక్ 14" అంటే 14 నొక్కబడుతుంది. దేనికైనా పేరు తెలియకపోయినా నంబర్ చాలు కాబట్టి ఇంగ్లిష్ రాని మా పెద్దమ్మ కూడా యూట్యూబ్ దీంతో చూడగలిగింది. కొన్ని సైట్లలో నంబర్ రాదు, మన ప్రభుత్వ సైట్లలో కొన్ని చోట్ల మరీనూ, అప్పుడు "షో గ్రిడ్" అనాలి. స్క్రీన్ తొమ్మిది గళ్లు అవుతుంది, మనకి కావాల్సింది ఏ గడిలో ఉందో ఆ నంబర్ చెప్తే ఆ గడి మళ్లీ తొమ్మిదిగా చీలుతుంది, అలా రెండు మూడు సార్లు చెప్తే పాయింట్ మీదకొస్తుంది, అప్పుడు "క్లిక్". నెమ్మదే, కానీ ఎక్కడైనా పనిచేస్తుంది.

ఒక చిక్కు వస్తుంది, పక్కన ఎవరైనా మాట్లాడినా, వీళ్లే అమ్మతో మాట్లాడినా ఆ మాటలు ఇంగ్లిష్ ముక్కలుగా స్క్రీన్ మీద టైప్ అయిపోతుంటాయి. "కమాండ్స్ మోడ్" అనండి, అప్పుడు కమాండ్లు తప్ప మాటలు టైప్ కావు. టైప్ చెయ్యాల్సినప్పుడు "డిఫాల్ట్ మోడ్"కి రావాలి. ఇంటికొచ్చిన వాళ్లతో మాట్లాడేముందు స్లీప్ చెప్పడం అలవాటు చేసుకోవాలి, చెప్పులు విడిచి లోపలికొచ్చినట్టు అదొక అలవాటు కావాలి.

వాయిస్ షార్ట్‌కట్స్ అని ఇంకొకటుంది సెట్టింగ్స్‌లోనే. మన సొంత కమాండ్ తయారుచేసుకోవచ్చు. ఉదాహరణకి "మై అడ్రస్" అంటే ఇంటి అడ్రస్ మొత్తం పడిపోయేలా, "ఓపెన్ పేపర్" అంటే మీరు రోజూ చదివే పేపర్ సైట్ తెరుచుకునేలా. రోజులో ఐదారు సార్లు చేసే ప్రతి పనికీ ఒకటి చేసి పెట్టండి, గొంతు అలసట సగం తగ్గుతుంది.

తలతో మౌస్

మాట స్పష్టంగా లేని వాళ్లకి, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి చాలామందికి ఇదే దారి. మేం వాడేది ఈవయాక్యామ్, ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. ఇలాంటిదే క్యామెరా మౌస్ అని అమెరికాలో బోస్టన్ కాలేజీ వాళ్లు చేసింది ఇంకొకటుంది, అదీ ఫ్రీనే. తలకి ఏమీ తగిలించుకోనక్కర్లేదు, మామూలు వెబ్‌క్యామ్ మొహం కదలికని చూసి మౌస్ బాణాన్ని కదుపుతుంది, ఒక చోట బాణం కదలకుండా కాసేపు ఆపితే క్లిక్ పడుతుంది.

ఇన్‌స్టాల్ అవ్వగానే ఒక విజర్డ్ వస్తుంది, ఏ కెమెరా, మొహం ఎక్కడ అని అడుగుతుంది, మనిషిని కూర్చోబెట్టాకే అది చెయ్యండి, మీ మొహంతో చేసి తర్వాత వాళ్లకి ఇస్తే సరిగ్గా రాదు. తర్వాత సెట్టింగ్స్‌లో ఎక్స్ స్పీడ్, వై స్పీడ్ ఉంటాయి, అంటే అడ్డంగా, నిలువుగా ఎంత వేగం అని. ఎక్కువమందికి తల పక్కలకి తిప్పినంత సులువుగా పైకి కిందికి వంచడం రాదు కాబట్టి వై స్పీడ్ కొంచెం ఎక్కువ పెట్టండి. బాణం వణుకుతుంటే స్మూత్‌నెస్ పెంచండి. డ్వెల్ టైం అంటే ఎంతసేపు ఆపితే క్లిక్ పడాలి అని, మొదట్లో ఒకటిన్నర సెకను పెట్టి అలవాటయ్యే కొద్దీ తగ్గించుకుంటూ రండి. మరీ తక్కువ పెడితే ఏదైనా చదువుతుంటే కూడా క్లిక్‌లు పడిపోయి చిరాకొస్తుంది, ఆ చిరాకుతోనే చాలామంది రెండో రోజే వదిలేస్తారు.

క్లిక్ కోసం పైన ఒక చిన్న పట్టీ పెట్టుకోవచ్చు. అందులో నో క్లిక్, లెఫ్ట్, రైట్, డ్రాగ్, డబుల్ అని బటన్లు ఉంటాయి. సినిమా చూస్తున్నప్పుడు నో క్లిక్ మీద ఒకసారి ఆపితే ఇక అనవసర క్లిక్‌లు ఉండవు. డబుల్ కావాలంటే డబుల్ మీద ఆపి, తర్వాత ఫైల్ మీద ఆపాలి.

కొంతసేపయ్యాక తల నేరుగా ఉన్నా బాణం ఒక పక్కకి వెళ్లిపోయి ఉంటుంది. అందరూ కంగారుపడి మళ్లీ మొదట్నుంచి సెట్ చేస్తారు. అక్కర్లేదు. బాణం కుడివైపు తేలిపోయిందనుకోండి, తలని ఇంకా కుడికి తిప్పండి, బాణం అంచుకి తగిలి ఆగిపోతుంది, తల మాత్రం తిరుగుతుంది, అక్కడినుంచి వెనక్కి తెస్తే తల నేరుగా వచ్చేసరికి బాణం మధ్యకొస్తుంది. ఇది ఎవరూ మాకు చెప్పలేదు, రెండు వారాలు దీనికోసమే నన్ను పిలిచేవాడు పాపం, ఒక రోజు వాడే కనిపెట్టాడు.

అమ్మ అన్నం తినిపిస్తూ కెమెరాలోకి మొహం పెడితే మౌస్ ఆమె వెంట పోతుంది, కొంచెం పక్కకి కూర్చోమనండి. అడ్మిన్ పర్మిషన్ అడుగుతూ స్క్రీన్ మసకబారే విండో వస్తుంది చూడండి, దాని మీద ఈ తల మౌస్ పనిచెయ్యదు, కాబట్టి ఇన్‌స్టాల్ చెయ్యాల్సినవన్నీ మీరున్నప్పుడే అయిపోగొట్టండి.

ఆగి క్లిక్ చెయ్యడం ఇష్టం లేనివాళ్లకి గూగుల్ ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్ ఉంది, 2023 మేలో వచ్చింది, కండరాల క్షీణత ఉన్న లాన్స్ కార్ అనే అమెరికా గేమర్‌తో కలిసి చేశారు. తలతో బాణం కదిపి, నోరు తెరిస్తే క్లిక్, కనుబొమ్మ ఎగరేస్తే ఇంకొకటి అని మనమే పెట్టుకోవచ్చు. 2024లో దాన్ని ఆండ్రాయిడ్‌కి తెచ్చినప్పుడు మన దేశంలో ఇన్‌క్లూజా అనే సంస్థతో కలిసి పనిచేశారు. మొహం కండరాలు బాగా ఆడేవాళ్లకి ఇది చాలా బాగుంటుంది.

తెలుగులో రాయడం

ఇప్పుడు అసలు విషయం. వాయిస్ యాక్సెస్ తెలుగు టైప్ చెయ్యదు, మన మెసేజ్‌లేమో తెలుగు. అందుకని మన వాళ్లకి నేను గట్టిగా చెప్పేది, మౌస్ పని తలకి ఇవ్వండి, తెలుగు రాయడం గొంతుకి ఇవ్వండి. ఇలా చేస్తే రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

పొడుగ్గా రాయడానికి క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కండి, పక్కన మైక్ గుర్తు వస్తుంది, దానిపైన భాషలో తెలుగు ఎంచుకోండి. ఇక తలతో ఆ మైక్ మీద ఒక క్షణం ఆపితే ఆన్, మాట్లాడటమే. గూగుల్ వాయిస్‌కి 2017 నుంచే తెలుగు వచ్చు, మామూలుగా మాట్లాడితే బాగానే పట్టుకుంటుంది, ఊరిపేర్లు, ఇంటిపేర్లు తప్పు వేస్తుంది. కాసేపు మాట్లాడకపోతే మైక్ తనంతట తనే ఆగిపోతుంది, మళ్లీ దానిమీద ఆపాలి.

వాట్సాప్ వెబ్‌లో, ఇంకెక్కడైనా రాయడానికి విండోస్ బటన్, హెచ్ కలిపి నొక్కితే చిన్న మైక్ పెట్టె వస్తుంది. ముందుగా విండోస్‌లో తెలుగు భాష యాడ్ చేసి కీబోర్డ్ తెలుగులో ఉంచితే అది తెలుగు వింటుంది, దీనికి నెట్ కావాలి. ఆ రెండు బటన్లు ఎలా నొక్కాలి అంటారేమో, స్క్రీన్ మీద కీబోర్డ్ ఉంది కదా, విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే వస్తుంది, దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచండి. ఆప్షన్స్‌లో హోవర్ ఓవర్ కీస్ పెడితే బాణం అక్షరం మీద ఆపితే చాలు పడిపోతుంది. అప్పుడు ఈవయాక్యామ్‌ని నో క్లిక్‌లో పెట్టాలి, లేకపోతే ఒకే అక్షరం రెండేసి సార్లు పడుతుంది.

తల అస్సలు తిప్పలేని, మాట మాత్రమే ఉన్నవాళ్లు ఇలా చెయ్యండి. వాయిస్ యాక్సెస్‌తోనే డాక్స్ తెరిచి, "ప్రెస్ కంట్రోల్ షిఫ్ట్ ఎస్" అంటే తెలుగు మైక్ ఆన్ అవుతుంది, వెంటనే "వాయిస్ యాక్సెస్ స్లీప్" అనాలి, ఇక తెలుగులో మాట్లాడండి. అయిపోయాక "వాయిస్ యాక్సెస్ వేకప్". ఈ చివరి మాటలు తెలుగు అక్షరాల్లో పేజీ మీద కూడా పడతాయి, ఏం పర్లేదు, చివర్లో తీసేసుకోవచ్చు.

ఆన్ చెయ్యడం, తాళం తియ్యడం

చాలామంది ఇళ్లలో సెటప్ అంతా బాగా పెట్టి ఇక్కడ వదిలేస్తారు. పొద్దున ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, ప్రోగ్రామ్‌లు తెరిచి వెళ్తారు. వాళ్లు పొలానికి పోయిన రోజు ఇక ఏమీ లేదు.

లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్‌లోకి వెళ్లి స్క్రీన్ ఆఫ్, స్లీప్ రెండూ నెవర్ పెట్టండి. స్లీప్‌లోకి పోయిన కంప్యూటర్ గొంతు విని లేవదు. రాత్రి వెలుగు ఇబ్బంది అయితే బ్రైట్‌నెస్ తగ్గించుకోవాలి. డెస్క్‌టాప్ అయితే ఇంకో మంచి దారి ఉంది, బయోస్‌లో (విండోస్ మొదలవ్వకముందు వచ్చే సెట్టింగ్స్ పేజీ) కరెంటు రాగానే కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టి కంప్యూటర్‌ని వైఫై స్మార్ట్ ప్లగ్‌కి తగిలిస్తే ఫోన్‌కి మాటతో చెప్పి ప్లగ్ ఆన్ చేసుకోవచ్చు. ఆపేటప్పుడు మాత్రం ముందు విండోస్ షట్‌డౌన్ చేసి, పూర్తిగా ఆగాకే ప్లగ్ ఆఫ్ చెయ్యాలి.

లాగిన్‌కి, వాయిస్ యాక్సెస్ సెట్టింగ్‌లో సైన్ ఇన్‌కి ముందే మొదలయ్యే ఆప్షన్, సైన్ ఇన్ అయ్యాక మొదలయ్యే ఆప్షన్ రెండూ ఉంటాయి, రెండూ టిక్ పెట్టండి. అయితే పిన్ పైకి చదివితే గదిలో అందరికీ తెలిసిపోతుంది. విండోస్ హలోకి పనికొచ్చే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటే మొహం చూసే తెరుచుకుంటుంది, కొత్త లాప్‌టాప్ కొంటుంటే ఇది ఉన్నది చూసి కొనండి. ఈవయాక్యామ్ సెట్టింగ్స్‌లో కూడా విండోస్‌తో పాటే మొదలయ్యేలా పెట్టాలి. పాస్‌వర్డ్ తీసేస్తే సులువు కదా అని మేం మొదట తీసేశాం, తర్వాత వాడే అడిగాడు మళ్లీ పెట్టమని. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఫోన్‌కి తాళం ఉన్నప్పుడు వాడి కంప్యూటర్‌కి ఎందుకు ఉండకూడదు.

ఫోన్, ఓటీపీలు

ఓటీపీ ఫోన్‌కి వస్తుంది, ఫోన్ చూపించమని పిలవాలి, దాంతో బ్యాంక్ పని మొత్తం ఇంకొకళ్ల చేతిలోకి పోతుంది. దీనికి కంప్యూటర్‌లో గూగుల్ మెసేజెస్ వెబ్ పేజీ తెరిచి ఫోన్‌తో ఒకసారి జోడించండి, ఎస్ఎంఎస్‌లు కంప్యూటర్‌లోనే కనిపిస్తాయి. మా నోట్‌బుక్‌లో పిలుపులు ఒక్కసారిగా తగ్గింది ఈ చిన్న పనితోనే.

ఫోన్‌నే వాడాలంటే ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాయిస్ యాక్సెస్ యాప్ ఉంది, 2018 నుంచి, కమాండ్లు దాదాపు పైవాటిలాగే. ఆండ్రాయిడ్ 12 నుంచి, తెరని తాకకుండా స్విచ్‌లతో ఫోన్ నడిపే స్విచ్ యాక్సెస్‌లో కెమెరా స్విచెస్ కూడా వచ్చాయి, నవ్వడం, నోరు తెరవడం, కనుబొమ్మలు ఎత్తడం, పక్కకి చూడటం లాంటివాటితో ఫోన్ నడుస్తుంది. ఐఫోన్‌లో వాయిస్ కంట్రోల్ 2019 నుంచి ఉంది, ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్ 12, ఆపైన వాటిలో కళ్లతో నడిపే ఐ ట్రాకింగ్ కూడా ఇచ్చారు. ఫోన్‌ని మంచానికి బిగించే పొడుగు మెడ స్టాండ్ ఒకటి గట్టిది కొనండి, సన్నవి వేలాడిపోతాయి.

మాటా తలా రెండూ కుదరకపోతే

ఏఎల్ఎస్ (నరాలు దెబ్బతిని కండరాలు ఒక్కొక్కటిగా పనిచెయ్యకుండా పోయే జబ్బు) లాంటి జబ్బుల్లో అన్నీ పోయినా కళ్ల కదలిక చాలాకాలం మిగులుతుంది. అప్పుడు ఐ ట్రాకర్ అనే పట్టీ స్క్రీన్ కింద పెడతారు, చూపు ఎక్కడుంటే బాణం అక్కడికి వెళ్తుంది. విండోస్‌లో ఐ కంట్రోల్ 2017 నుంచి ఉంది. ఏఎల్ఎస్ వచ్చిన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు స్టీవ్ గ్లీసన్ అడిగితే 2014లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు మొదలుపెట్టిన పని అది. కళ్లతో టైప్ చెయ్యడానికి ఆప్టికీ అని ఫ్రీ కీబోర్డ్ కూడా ఉంది. కానీ ట్రాకర్ ఖరీదైనది, కళ్లద్దాలు, మెల్లకన్ను, రెప్ప వాలిపోవడం ఉంటే కొందరికి పట్టదు, కాబట్టి ఎవరి దగ్గరైనా తీసుకుని వాళ్ల కళ్లతో పనిచేస్తోందో లేదో వాడి చూశాకే కొనండి.

ఏదో ఒక్క కదలిక మాత్రమే ఉంటే, ఒక వేలో, బుగ్గో, మోకాలో, ఒక్క స్విచ్ చాలు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఇలాగే బుగ్గ కండరంతో, కళ్లద్దాలకి పెట్టిన సెన్సర్‌తో రాసేవారు, ఆయన కోసం ఇంటెల్ చేసిన ఆక్యాట్ సాఫ్ట్‌వేర్‌ని 2015లో అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు. ఇంట్లో అయితే స్క్రీన్ మీద కీబోర్డ్ ఆప్షన్స్‌లో స్కాన్ త్రూ కీస్ పెట్టండి, అక్షరాల వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి, కావాల్సింది వెలిగినప్పుడు నొక్కితే పడుతుంది. పాత మౌస్ విప్పి లెఫ్ట్ బటన్ దగ్గర రెండు వైర్లు టంకం వేసి పెద్ద పుష్ బటన్‌కి కలిపితే అదే స్విచ్, ఏ ఎలక్ట్రానిక్స్ రిపేర్ షాపులో అయినా చేసిపెడతారు.

అలవాటు చెయ్యడం

మొదటి వారం రోజుకి 15 నిమిషాలు, అంతే. ఫారం నింపడం, ఎక్సెల్ లాంటివి ముట్టుకోకండి, వాళ్లకి ఇష్టమైన పాటల వీడియోలు, క్రికెట్ స్కోర్, ఏదైనా నెమ్మది ఆట. మెడ నొప్పి మొదలవ్వకముందే ఆపెయ్యాలి, నొప్పి వచ్చాక ఆపితే మర్నాడు కూర్చోరు. ఫిజియో చేసేవాళ్లకి ఈ పని గురించి చెప్తే మెడకి తగ్గ వ్యాయామాలు చూపిస్తారు.

ఇంట్లో వాళ్లకి ఒక మాట. వాళ్లు "షో నంబర్స్" అని మూడోసారి అంటున్నప్పుడు మీ చెయ్యి మౌస్ మీదకి పోతుంది, నాదీ అలాగే పోయేది, రెండు సెకన్లలో అయిపోయే దానికి రెండు నిమిషాలు ఎందుకు అని. పోనివ్వకండి. అడిగితే తప్ప ముట్టుకోవద్దు. నేను ముట్టుకున్న ప్రతిసారీ వాడు మాట్లాడటం ఆపేసి ఊరుకునేవాడు, అది చూశాకే నాకు బుద్ధొచ్చింది, మౌస్ తీసి బీరువాలో పెట్టేశాను.

సెట్టింగ్‌లన్నీ కుదిరాక ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకళ్లకి కూడా పంపండి. అప్‌డేట్ వచ్చినప్పుడు మైక్ ఒక్కోసారి మారిపోయి లాప్‌టాప్‌ది అయిపోతుంది, సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ ఏది ఉందో చూడటం మీరు లేనప్పుడు వాళ్లకి తెలియాలి.

ఆఖరుగా ఒక టెస్ట్ పెట్టండి. ముందు ఎమర్జెన్సీకి ఫోన్ పక్కనే పెట్టి, "హే గూగుల్, కాల్ అమ్మ" అంటే కాల్ వెళ్తోందో లేదో రెండుసార్లు చూసుకోండి, లాక్ పడి ఉన్నప్పుడు కూడా. పక్కింటి వాళ్లకి చెప్పండి. తర్వాత అందరూ ఇంట్లోంచి బయటికి వెళ్లి గంట తర్వాత రండి. కంప్యూటర్ ఆపి ఉన్న దగ్గర్నుంచి (లాప్‌టాప్ అయితే లాక్ పడి ఉన్న దగ్గర్నుంచి) మొదలుపెట్టి, లాగిన్ అయ్యి, మీకు ఒక మెసేజ్ పంపి, ఒక వీడియో చూసి, మళ్లీ ఆపెయ్యాలి (లాప్‌టాప్ అయితే లాక్ చెయ్యాలి), అదీ పని. మేం మొదటిసారి సంతకి వెళ్లొచ్చేసరికి మా వాడు మూడు చోట్ల ఆగిపోయాడు. లాగిన్ దగ్గర మైక్ వినలేదు, వాట్సాప్ వెబ్ మళ్లీ ఫోన్‌తో జోడించమంది, ఫ్యాన్ స్పీడ్‌కి గొంతు అందలేదు. మూడూ నోట్‌బుక్‌లో రాసుకుని ఆ వారమంతా సరిచేసి, తర్వాతి ఆదివారం మళ్లీ సంతకి వెళ్లాం.